రాజమహేంద్రవరం పురాధ్యక్షుడు ఆంధ్రకేసరి

ఒంగోలు జిల్లా 1970 ఫిబ్రవరి 2వ తేదీన ఏర్పడినది. ప్రకాశం పంతులుగారి శతజయంతి సందర్భాన 1972 డిసెంబరు 5వ తేదీన ఆ జిల్లాకు ప్రకాశం జిల్లా అని నామకరణం జరిగినది. నాటినుండి మన ప్రాంతపు విద్యార్థులలో అనేకులు తమ చిరునామాలో ఆ పేరు వ్రాస్తూనే ఉన్నారు. అయితే ఆ పేరు వెనుక ఉన్న మనిషిని గురించి అడిగితే, మద్రాసు వీధిలో సైమను కమిషనుకు ఎదురుగా రొమ్ము చూపిన వీరుడని చెప్పి ఊరుకొనేవారే ఎక్కువ. ఆ ఒక్క ఘట్టం ఎంత గొప్పదైనా, అది జరిగేనాటికి ఆయనకు 55 సంవత్సరాలు. అంతకు పూర్వమే ఆయన ఒక పట్టణానికి కౌన్సిలరుగా, చైర్మనుగా పనిచేసి ఉన్నారు. ప్రజాజీవితంలో ఆయన మొదట కూర్చున్న ఆసనం ఒక పురపాలక సంఘపు కుర్చీ. ఈ సంచికలో మేము ఆయన జీవితాన్ని ఆ కుర్చీ వైపు నుండి చూడదలచినాము. ముందు ముందు ఆయన చూపిన తెగువకు, చేసిన తప్పులకు గూడ అక్కడే మొదలు కనబడుతుందని మా అభిప్రాయం.

టంగుటూరి ప్రకాశం 1872 ఆగస్టు 23వ తేదీన ఒంగోలు సమీపంలోని వినోదరాయునిపాలెంలో జన్మించారు. తల్లి సుబ్బమ్మగారు, తండ్రి గోపాలకృష్ణయ్యగారు. అప్పటికి గుంటూరు జిల్లా అనేది లేదు. అది 1904లో ఏర్పడినది. ఒంగోలు ఆ రోజులలో నెల్లూరు జిల్లాలోని ఒక తాలూకా కేంద్రం. ప్రకాశంకు పదకొండేండ్ల వయస్సులో తండ్రి గతించారు. సుబ్బమ్మగారు పిల్లలను వెంటబెట్టుకొని ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపినారు. కోర్టు పనులమీద, తాలూకా కచేరీ పనులమీద వచ్చే బాటసారులకు డబ్బు తీసుకొని అన్నం పెట్టే ఆ వృత్తిని నాటి అగ్రవర్ణ సంఘం చిన్నచూపు చూచేది. ఆ చిన్నచూపును పిల్లవాడు చూచినాడు. పరీక్ష ఫీజుకు డబ్బు లేనప్పుడు తల్లి తన పట్టుచీర తాకట్టు పెట్టి ఆ రుసుము సమకూర్చిన సంగతి ఆయన జీవితచరిత్ర చదివినవారందరికీ తెలిసినదే. మన కళాశాలలో పరీక్ష రుసుము గడువు దగ్గరపడినప్పుడు ఆఫీసు గది ముందు నిలబడే విద్యార్థులకు ఈ సంగతిని వివరించి చెప్పవలసిన అవసరం లేదు.

ఒంగోలులో ఆయనకు లభించిన అదృష్టం ఒక ఉపాధ్యాయుడు. మిషన్ పాఠశాలలో పనిచేసిన ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారు ఈ బాలునిలోని చురుకును గుర్తించి చేరదీసినారు. తాము రాజమహేంద్రవరానికి తరలిపోవునప్పుడు అతనినిగూడ వెంట తీసుకొనిపోయినారు. కులం వేరు, సంపాదన అంతంతమాత్రం. అయినను మరొకరి బిడ్డను తన బిడ్డతో సమానంగా చదివించిన ఆ నాయుడుగారు లేనిదే ప్రకాశం అనే పేరు ఒంగోలు దాటి వినబడి ఉండేది కాదు. గురువుల చరిత్రలు మన భాషలో తక్కువ. ఉన్న కొద్దిపాటిలో ఇది ఒకటి.

రాజమహేంద్రవరంలో ఆ బాలుడు బుద్ధిమంతుడుగా పుస్తకాలు మాత్రమే చదివినాడని చెప్పితే అసత్యమవుతుంది. నాటకాల పిచ్చి మెండు. స్త్రీ పాత్రలు ధరించేవాడు. చిలకమర్తి లక్ష్మీనరసింహంగారితో కలిసి నాటకరంగంలో తిరిగినాడు. వీధి జట్లతో, ఆకతాయిలతో స్నేహం చేసినాడు. మెట్రిక్యులేషనులో ఒకసారి తప్పినాడు. పెద్దలు మెచ్చని ఈ సహవాసాలవలన ఒక లాభం కలిగినదని మాత్రం ఒప్పుకొనక తప్పదు. ఊరిలోని అన్ని వీధులు, అన్ని రకాల మనుషులు అతనికి పరిచయమైనారు. తరువాత ఆ ఊరిలోనే ఓట్లు అడుగవలసివచ్చినప్పుడు ఆ పరిచయం వ్యర్థం కాలేదు.

మద్రాసులో న్యాయశాస్త్రం చదివి రెండవ తరగతి ప్లీడరుగా ఉత్తీర్ణుడై, కొంతకాలం ఒంగోలులోనూ, పిదప రాజమహేంద్రవరంలోనూ ఆయన వృత్తి సాగించారు. అనతికాలంలోనే డబ్బు వచ్చినది, పేరు వచ్చినది. ఆస్తులు కొన్నారు. పూటకూళ్ళ ఇంటి పిల్లవాడు గోదావరి గట్టున పేరుమోసిన ప్లీడరయ్యాడు. ఆ దశలోనే ఆయన పురపాలక రాజకీయాలలో ప్రవేశించారు.

ఆనాటి మునిసిపాలిటీ స్వరూపం ఏమిటో కొంచెం చెప్పుకొనడం అవసరం. రాజమహేంద్రవరం, గుంటూరు పురపాలక సంఘాలు రెండూ 1866లో ఏర్పడినవి. ఒంగోలుది 1876. మొదట ఇవి సర్కారు అధికారుల చేతులలోని పనిముట్లు. 1882లో రిప్పన్ ప్రభువు స్థానిక స్వపరిపాలనను గురించి తీర్మానం చేసిన పిదప, 1884లో మద్రాసు రాజధానికి కొత్త పురపాలక చట్టం వచ్చినది. దానితో పన్ను చెల్లించేవారు తమ ప్రతినిధులను కొందరిని ఎన్నుకొనే వీలు కలిగినది. ఓటు అందరిదీ కాదు. ఇల్లు, వాకిలి, వ్యాపారం ఉండి నిర్ణీతమైన పన్ను కట్టే పురుషులది మాత్రమే. కూలివానికి లేదు, స్త్రీకి లేదు. కనుక ఎన్నికలు కొద్దిమంది పెద్దల మధ్యనే జరిగేవి. కొద్దిమంది మధ్యనే గనుక మరింత తీవ్రంగా జరిగేవి. జమీందారులు, షాహుకార్లు, ప్లీడర్లు వర్గాలుగా చీలి పోరాడేవారు.

ఈ సంఘం చేతిలో ఉన్న అధికారం పైకి స్వల్పంగా కనబడుతుంది. వీధులకు కంకర పోయించడం, చీకటి పడగానే కిరసనాయిలు దీపాలు వెలిగించడం, మురుగు కాలువలు తీయించడం, పాకీ పని జరిపించడం, మశూచికి టీకాలు వేయించడం, ఆసుపత్రినీ పాఠశాలలనూ నడపడం, జనన మరణాలను లెక్క వ్రాయడం దాని బాధ్యతలు. దీనికి కావలసిన సొమ్ము ఇంటి పన్ను, వృత్తి పన్ను, బండ్లపై పన్ను, టోలుగేటు రుసుములనుండి రావలెను. ఎవరి ఇంటికి ఎంత పన్ను కట్టవలెనో నిర్ణయించే అధికారమే అన్నిటిలోకి బలమైనది, అన్నిటికంటె అపాయకరమైనది. పెద్దమేడ యజమానికి తక్కువగా, పెంకుటింటి వానికి ఎక్కువగా పన్ను పడినప్పుడు, ఆ అన్యాయం ఢిల్లీకో లండనుకో సంబంధించినది కాదు; చైర్మనుగారి ఇంటి అరుగుమీదకే వచ్చి కూర్చుంటుంది. పరిపాలన అంటే ఎదురుగా నిలబడిన మనిషికి జవాబు చెప్పడమని ఇటువంటి చోటనే తెలుస్తుంది.

ప్రకాశం మొదట కౌన్సిలరయ్యారు. పిదప, ఇరవయ్యవ శతాబ్ది తొలి సంవత్సరాలలో, ధనికవర్గపు గట్టి పోటీని ఎదుర్కొని చైర్మనుగా ఎన్నికైనారు. అప్పటికి ఆయనకు నిండా 32 సంవత్సరాలు లేవు. ఊరు తన జన్మస్థలం కాదు. వెనుక జమీ లేదు, వంశ ప్రతిష్ఠ లేదు. పరాయి తాలూకానుండి ఒక మేష్టారి చేయి పట్టుకొని వచ్చిన విధవరాలి కొడుకు ఆంధ్రదేశపు సాంస్కృతిక రాజధాని అనదగిన పట్టణానికి ప్రథమ పౌరుడు కావడం చిన్న విషయం కాదు. వీరేశలింగంగారు సంఘ సంస్కరణ సాగిస్తున్న ఊరు అది. చిలకమర్తివారి నాటకాలను ఆదరించిన ఊరు. అటువంటి చోట పెద్దల సభలో అధ్యక్ష స్థానంలో కూర్చున్న ఆ యువకునికి అప్పటినుండి ఒక అలవాటు పట్టుబడినదని మాకు తోస్తుంది. ఏ పనినైనా తానే స్వయంగా వెళ్ళి చూడవలెను. ఎవరు అడ్డు చెప్పినా తోచినది తోచినట్లు చేసి తీరవలెను. ఈ అలవాటులోని మొదటి సగం ఆయనను ఆంధ్రకేసరిని చేసినది. రెండవ సగం ఆయనను రెండుసార్లు పదవినుండి దింపినది.

చైర్మను పదవిలో ఆయన ఎక్కువకాలం ఉండలేదు. రెండవ తరగతి ప్లీడరు పైకోర్టులలో వాదించడానికి వీలులేదు. బారిష్టరు కావలెనన్న కోరిక బలపడినది. 1904లో ఆయన చేతినిండా ఉన్న వృత్తిని విడిచి ఇంగ్లండుకు పయనమైనారు. మద్యమాంసాలు, పొగత్రాగుడు ముట్టనని తల్లికిచ్చిన మాట అక్కడ నిలుపుకొన్నారు. లండనులో దాదాభాయి నౌరోజీ పార్లమెంటుకు పోటీ చేసినప్పుడు ఆయన పక్షాన పనిచేశారు. ఓట్లకోసం ఇల్లిల్లూ తిరగడం రాజమహేంద్రవరంలో అలవడిన విద్యే గదా! నౌరోజీ ఆ ఎన్నికలో గెలువలేదు. ప్రకాశం మాత్రం బారిష్టరై 1907లో మద్రాసుకు తిరిగివచ్చారు.

మద్రాసు హైకోర్టులో ఆయన ఆర్జన గురించి వివరంగా చెప్పనవసరం లేదు. ఆ కాలపు తెలుగు న్యాయవాదులలో అంతగా గడించినవారు తక్కువ. ఒక్క సంగతి మాత్రం చెప్పవలెను. 1907లో వంగదేశపు నాయకుడు బిపిన్ చంద్రపాల్ మద్రాసులో ఉపన్యసించినప్పుడు సభకు అధ్యక్షత వహించడానికి నగరంలోని పెద్దలు జంకినారు. సర్కారు ఆగ్రహం తగులుతుందన్న భయం. ఆ కుర్చీలో ప్రకాశం కూర్చున్నారు. ఖాళీగా ఉన్న అధ్యక్షపీఠాన్ని చూచి వెనుకకు తగ్గడం ఆయన స్వభావంలో లేదు.

1921వ సంవత్సరం ఆయన జీవితాన్ని రెండుగా చీల్చినది. గాంధీజీ సహాయ నిరాకరణోద్యమం, దానితో చేయి కలిపిన ఖిలాఫత్ ఉద్యమం దేశమంతటా అలముకొన్నవి. ప్రకాశం లక్షలు తెచ్చే ప్రాక్టీసును వదలివేసినారు. స్వరాజ్య అనే ఇంగ్లీషు దినపత్రికను స్థాపించారు. తెలుగు, తమిళ భాషలలోగూడ దానిని నడిపినారు. అదే సంవత్సరాంతాన అహమ్మదాబాదు కాంగ్రెసులో ప్రధాన కార్యదర్శులలో ఒకరుగా ఎన్నికైనారు.

మన పాఠకులు ప్రత్యేకంగా గుర్తుంచుకొనదగిన ఘట్టం ఆ సంవత్సరంలోనే జరిగినది. 1921 ఆగస్టులో మలబారులో మాప్పిళా ముస్లిం రైతుల తిరుగుబాటు చెలరేగినది. దాని వెనుక కౌలుదారుల మీద భూస్వాముల ఒత్తిడి ఉన్నది, ఖిలాఫత్ ఆవేశం ఉన్నది; అది సాగిన తీరులో అనేక గ్రామాల హిందూ కుటుంబాలు దారుణంగా నష్టపోయిన మాటా సత్యమే. ప్రభుత్వం సైనిక శాసనం విధించినది. నవంబరులో తిరూరునుండి ఖైదీలను మూసిన రైలు పెట్టెలో కుక్కి పంపగా సుమారు 70 మంది ఊపిరాడక మరణించారు. బయటివారెవ్వరూ ఆ ప్రాంతంలో అడుగుపెట్టరాదని ఉత్తర్వులు ఉన్నవి. నిజమేదో, వదంతి ఏదో తెలియక దేశమంతటా రెండు మతాలవారి మనసులు విరిగిపోతున్న సమయం అది. మద్రాసులో కూర్చుని వచ్చిన వార్తలనే అచ్చువేసుకొంటే పత్రికకు ఏ నష్టమూ లేదు. ప్రకాశం ఆ నిషేధాన్ని లక్ష్యపెట్టక మలబారు వెళ్ళి బాధిత ప్రాంతాలలో పర్యటించారు. దానికి ప్రతీకారంగా సర్కారు ఉదకమండలంలోని ఆయన ఆస్తిని జప్తు చేసినది. ముల్తానులో హిందూ ముస్లిం కలహాలు చెలరేగినప్పుడుగూడ ఆయన అక్కడకు వెళ్ళినారు. పంజాబులో అకాలీల సత్యాగ్రహం సాగినప్పుడూ వెళ్ళినారు.

ఒక పట్టణపు చైర్మను ఒక వీధిలో అల్లరి జరిగిందని వింటే స్వయంగా వెళ్ళి చూచి రావడం సహజం. మలబారు, ముల్తాను, అమృతసరం వంటి చోట్లను గూడ ఆయన తన వార్డులోని వీధులవలెనే భావించినట్లు కనబడుతుంది. తన మతంవారిది, పరమతంవారిది అనే లెక్క ఆ ప్రయాణాలలో లేదు. నష్టం మాత్రం తనది. ఊటీ ఆస్తి పోయినందుకు ఆయన విచారించినట్లు ఎక్కడా కనబడదు.

అదే కాలంలో, ఆయన పుట్టిన నేలకు చేరువలోనే, పురపాలక సంఘమనే మాటకు మరొక అర్థం వచ్చినది. చీరాల, పేరాల గ్రామాలను 1919లో ప్రభుత్వం మునిసిపాలిటీగా ప్రకటించినది. నేతగాండ్రు, చిన్న వర్తకులు, రైతులు ఉండే ఊళ్ళు అవి. పన్నులు ఒక్కసారిగా పలురెట్లు పెరిగినవి. జనం పన్ను కట్టబోమన్నారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వాన 1921లో ఇళ్ళు వాకిళ్ళు విడిచి, పురపాలక సరిహద్దు దాటి, రామనగరమనే పేరుతో పాకలు వేసుకొని సుమారు పదకొండు నెలలు ఎండకు, వానకు ఓర్చి కాపురమున్నారు. ఆ ఉద్యమ నాయకత్వం దుగ్గిరాలవారిదే. దానిని ప్రకాశంగారి ఖాతాలో జమకట్టడం మా ఉద్దేశం కాదు. అయితే ఆ రెండు కథలను పక్కపక్కన పెట్టి చూడవలెను. రాజమహేంద్రవరంలో ఓటు ద్వారా దక్కిన పురపాలక సంఘం ఒక అనాథ బాలుని నాయకుని చేసినది. చీరాలలో అనుమతి అడగకుండా నెత్తిన పెట్టిన పురపాలక సంఘం వేలమందిని నిరాశ్రయులను చేసినది. చట్టంలో రెండింటికీ పేరు ఒక్కటే. నాడు గుంటూరు జిల్లాలోనిదైన చీరాల తరువాత ప్రకాశం జిల్లాలో చేరి, 2022నుండి బాపట్ల జిల్లాలో ఉన్నది.

స్వరాజ్య పత్రికే ఆయన సంపదను హరించినది. మంచి రచయితలు, మంచి సంపాదకులు అందులో పనిచేసినారు. ఖాసా సుబ్బారావు, కోటంరాజు రామారావు వంటివారు అక్కడ తేలినవారే. జీతాలు సకాలంలో అందని రోజులు మాత్రం తరచుగా వచ్చేవి. ప్రకటనలకోసం, సర్కారు మెప్పుకోసం పత్రిక స్వరం తగ్గించడం ఆయనకు రాలేదు. ఇళ్ళు, స్థలాలు ఒక్కొక్కటే అప్పుల క్రింద పోయినవి. చివరకు పత్రికగూడ 1930ల మధ్యకాలంలో మూతబడినది. మునిసిపల్ బడ్జెట్లు తయారుచేసిన మనిషి సొంత బడ్జెటు చేతకాక దివాలా తీసినాడని నవ్వినవారు ఉన్నారు. నవ్వదగినదే కావచ్చును. ఆ దివాలాలో ఇతరుల డబ్బు తిన్న జాడ లేదు, తన డబ్బు మిగిలిన జాడా లేదు.

1928 ఫిబ్రవరి 3వ తేదీన సైమను కమిషను ఇండియాలో అడుగుపెట్టినది. మద్రాసులో హర్తాళు జరిగినది. హైకోర్టు సమీపాన ప్యారీ మూల దగ్గర పోలీసులు కాల్పులు జరిపినారు. ఒక యువకుడు మరణించినాడు. శవాన్ని చూడడానికి ఎవ్వరినీ ముందుకు పోనివ్వని తుపాకులకు ఎదురుగా ప్రకాశం చొక్కా విప్పి రొమ్ము చూపి నడిచినారు. ఆంధ్రకేసరి బిరుదు ఆ నాటిది. పాఠ్యపుస్తకాలలో దీనిని సాహసంగానే వర్ణిస్తారు. మాకు అంతకంటె ముఖ్యంగా కనబడేది ఆయన ఎందుకు ముందుకు కదిలినారనేది. చనిపోయినవానిని చూడవలెనని. ఊరిలో ఒక మరణం సంభవిస్తే వెళ్ళి చూడవలసిన బాధ్యత పెద్దమనిషిది.

1930లో ఉప్పు సత్యాగ్రహం వచ్చినప్పుడు ఆయన కేంద్ర శాసనసభా సభ్యత్వాన్ని వదలుకొని ఉద్యమంలో దిగినారు. ఒంగోలు ప్రాంతపు సముద్రతీర గ్రామాలలో దేవరంపాడు శిబిరం పేరు ఆ రోజులలో మారుమ్రోగినది. అప్పటినుండి 1945 వరకు జైళ్ళు, సభలు, మరల జైళ్ళు. క్విట్ ఇండియా ఉద్యమంలో అరెస్టయి మూడేండ్లు నిర్బంధంలో ఉన్నప్పటికి ఆయన వయస్సు డెబ్బై దాటినది.

ఈ మధ్యకాలంలో 1937లో రాజాజీ మంత్రివర్గంలో రెవెన్యూ మంత్రిగా పనిచేసినారు. జమీందారీ ప్రాంతాల రైతుల స్థితిగతులను విచారించిన సంఘానికి ఆయనే అధ్యక్షుడు. భూమికి యజమాని రైతేనని, జమీందారు శిస్తు వసూలు చేసేవాడు మాత్రమేనని ఆ సంఘం 1938లో నివేదించినది. మంత్రివర్గం 1939లో రాజీనామా చేయడంతో అప్పటికి ఏదీ నెరవేరలేదు. 1948లో జమీందారీలు రద్దయినప్పుడు ఆ నివేదిక వేసిన బాట కనబడుతూనే ఉన్నది.

1946 ఏప్రిల్ 30వ తేదీన ఆయన ఉమ్మడి మద్రాసు రాష్ట్రానికి ప్రధానమంత్రి అయ్యారు. కాంగ్రెసు అధిష్ఠానం కోరినది రాజాజీని. గాంధీజీకిగూడ ప్రకాశంపై ఒక అభ్యంతరం ఉండేది. ప్రజలు సభలలో సమర్పించిన నిధులను ఆయన సొంత ఖర్చుకు వాడుకొన్నారని ఆక్షేపణ. సర్వస్వం ఉద్యమానికి ధారపోసి, తిండికి ప్రజలపై ఆధారపడిన మనిషికి ఆ ఆక్షేపణ ఎంత బాధ కలిగించి ఉంటుందో ఊహించవచ్చును. అయినప్పటికీ గాంధీజీ మాటను త్రోసిపుచ్చలేము. ప్రజాధనం విషయంలో ఇచ్చినవారి ప్రేమ లెక్కల పుస్తకానికి బదులు కాదు. ఒక పురపాలక సంఘపు చైర్మను ఎవరికంటెను బాగా ఎరుగవలసిన సంగతి ఇది. ఈ విషయంలో ఆయన పక్షాన వాదించేవారితో మేము ఏకీభవించలేము.

ఆ పదకొండు నెలల పాలనలో ఫిర్కా అభివృద్ధి పథకం ఆయన తెచ్చినదే. గ్రామాలను గుంపులుగా తీసుకొని రోడ్లు, బావులు, విద్య, ఖద్దరు పరిశ్రమలను ఒకే చోట వృద్ధి చేయాలన్నది దాని ఉద్దేశం. ఊరిని ఊరుగా చూచి బాగుచేయడం ఆయనకు మొదటినుండి తెలిసిన మార్గం. దానితోబాటు ఖద్దరుకు రక్షణగా కొత్త బట్టల మిల్లులకు, ఉన్న మిల్లుల విస్తరణకు ఆయన అడ్డు నిలిచినారు. ప్రత్తి పండే మన మైదానాలలో ఈ నిర్ణయాన్ని గురించి రెండు మాటలు చెప్పుకొనవలెను. గుంటూరు రైతు పండించిన ప్రత్తి బేళ్ళుగా కట్టబడి దూరదేశాలకు పోవడం, ఆ బట్టే తిరిగి వచ్చి చీరాల నేతగాని మగ్గాన్ని ఆపడం ఆయన కన్నులారా చూచినదే. నేతగానిని నిలబెట్టవలెనన్న తపన నిజమైనది. అయితే మిల్లును ఆపినంతమాత్రాన మగ్గానికి నూలు దొరకదు. యుద్ధానంతరం బట్టకు కరవుగా ఉన్న కాలంలో మిల్లుల విస్తరణను అడ్డగించడం ఆచరణకు నిలువలేదు. మిల్లుల యజమానులు వ్యతిరేకించారు, సొంత పక్షంలో అసమ్మతి ముదిరినది. 1947 మార్చి 23వ తేదీన ఓమందూరు రామస్వామి రెడ్డియారు ఆయన స్థానంలోకి వచ్చినారు. పదిమందిని కలుపుకొనిపోవడానికి పట్టే కాలాన్ని ఆయన వృథాకాలమని భావించేవారు.

1948లో నిజాము పాలన ఇంకా నిలిచియున్న హైదరాబాదుకు, నెహ్రూగారు ప్రాణభయం ఉన్నదని వారించినను వినక వెళ్ళి, రజాకార్ల నాయకుడు ఖాసిం రజ్వీని ముఖాముఖి కలిసి హెచ్చరించారు. అప్పటికి ఆయనకు 75 ఏండ్లు. ఇక్కడ మేము గమనించినది ఇది. మలబారులో ముస్లిం రైతుల బాధ చూడడానికి వెళ్ళిన మనిషే, హైదరాబాదులో ముస్లింల పేరు చెప్పుకొన్న ఒక సాయుధ దళం తప్పుదారిని దాని నాయకుని ఎదుటనే చెప్పినాడు. రెండు చోట్లా ఆయన వెంట సైన్యం లేదు.

పొట్టి శ్రీరాములుగారి ఆత్మార్పణతో 1953 అక్టోబరు 1వ తేదీన కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రం అవతరించినది. 81 ఏండ్ల ప్రకాశం తొలి ముఖ్యమంత్రి అయ్యారు. నీలం సంజీవరెడ్డిగారు ఉపముఖ్యమంత్రి. ఆ ప్రభుత్వపు ఆయుష్షు పదమూడు నెలలు. ఆ కొద్దికాలంలోనే తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వెలసినది. 1954 జూలైలో ఆంధ్ర హైకోర్టు గుంటూరులో ప్రారంభమై, 1956 వరకు ఇక్కడే నడచినది. రాజధాని దక్కలేదని నిరాశ చెందిన మన ప్రాంతానికి అది కొంత ఊరట. 1952లో గండిపడిన విజయవాడ పాత ఆనకట్ట స్థానంలో కొత్త బ్యారేజి నిర్మాణం 1954లో ఆరంభమైనది. కృష్ణ పశ్చిమ డెల్టాలోని తెనాలి, రేపల్లె, బాపట్ల పొలాలకు నీరు అక్కడినుండే వస్తుంది. ఆ బ్యారేజికి ఆయన పేరే పెట్టినారు.

మద్యనిషేధం విషయమై 1954 నవంబరులో శాసనసభలో అవిశ్వాస తీర్మానం వచ్చినది. ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో ఓడిపోయినది. ఒక్క ఓటును సంపాదించుకొనడం అధికారంలో ఉన్నవానికి అసాధ్యమేమీ కాదు. రాజకీయాల లోకరీతి మన విద్యార్థులకు తెలియనిదీ కాదు. ఆయన పదవి నుండి దిగిపోయినారు. అరువది ఏండ్ల ప్రజాసేవలో ఆయన కూడబెట్టిన ఆస్తి ఏదీ లేదు.

పదవి లేని ఆ వృద్ధుడు ఇంటిపట్టున ఉండలేదు. 1957 వేసవిలో ఒంగోలు పరిసర గ్రామాలలో తిరిగినారు. మన మైదానాలలో ఏప్రిల్, మే నెలల ఎండ ఎటువంటిదో మిరపకాయలు కళ్ళాలలో ఆరబోసే రైతులకు తెలుసు. పడుచువాళ్ళే పట్టపగలు చెట్టు నీడ వదలి రారు. 84 ఏండ్ల వయస్సులో ఆ ఎండలో ఊరూరా తిరిగి, వడదెబ్బ తగిలి, హైదరాబాదు ఆసుపత్రిలో 1957 మే 20వ తేదీన ప్రకాశం పంతులుగారు కన్నుమూసినారు. కృష్ణానదిపై బ్యారేజి పని అప్పటికి ఇంకా పూర్తికాలేదు. ఆ సంవత్సరం చివరనే అది పూర్తయి కాలువలకు నీరు వదలినారు.